తట్టితే తిరగాలి

మా తోంగ్యాంగ్ రేవులో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. స్నానాల ఇంట్లో రుద్దుడు మంచం మీద పడుకున్నాక నోరు తెరవనక్కర్లేదు. రుద్దే మనిషి అరచెయ్యి గిన్నెలా ముడిచి తొడ మీద టప్ టప్‌మని రెండుసార్లు తడుతుంది. తట్టగానే పక్కకి తిరగాలి. మళ్ళీ తడితే బోర్లా. ఇంకోసారి తడితే రెండో పక్కకి. మంచి నిద్రలో ఉన్నా సరే, ఒళ్ళు దానంతట అదే తిరుగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ తట్టే మనిషిని నేను. నా పేరు సున్‌బోక్. ఆ పేరుతో అక్కడెవరికీ పని పడలేదు. అందరికీ నేను రుద్దుడు పిన్నినే, నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాళ్ళకి కూడా.

నేను పుట్టుకతోనే కోపిష్టిదాన్నని మా అమ్మ అనేది. కానీ ఈ పనికి ఆ కోపం బాగానే పనికొచ్చింది. రోజంతా చల్లటి షెడ్డులో నిలబడి ఆల్చిప్పలు చీల్చి గుల్లమాంసం తీసే ఆడవాళ్ళు సాయంత్రం మా దగ్గరికొచ్చి పడేవారు. వేడినీళ్ళ తొట్టిలో అరగంట నాని, మంచమెక్కి, "గట్టిగా పిన్నీ, ఇంకా గట్టిగా" అనేవారు. నేను ఆకుపచ్చ గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని, మట్టి ఉండలు ఉండలుగా రాలేదాకా రుద్దేదాన్ని. ఎర్రగా కందితే తప్ప వాళ్ళకి రుద్దినట్టుండేది కాదు.

పోయిన ఏడాది వసంతంలో మా యజమానురాలు బాయిలరు మార్చడం ఇక తన వల్ల కాదని చెప్పింది. వచ్చే చలికాలం అయ్యాక తలుపులు మూసేస్తుందట. ఆవిడని అనడానికేమీ లేదు. ఊళ్ళో కుర్రకారంతా ఇంట్లోనే షవరు కింద నిలబడి ఆ పూట అయిందనిపించుకుంటున్నారు. అప్పుడే నా కుడి మణికట్టు కూడా రాత్రిళ్ళు మొద్దుబారడం మొదలెట్టింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి పట్టుకుని చూసి, "ఇలాగే ఇంకో ఐదేళ్ళు రుద్దితే ఈ చేత్తో గిన్నె కూడా ఎత్తలేరు" అన్నాడు.

నా ముందు రెండు దార్లున్నాయి. బుసాన్‌లో మూడంతస్తుల ఆవిరి స్నానాల భవనంలో పాత స్నేహితురాలొకతె ఉంది. వస్తే మంచం ఖాళీగా పెడతానంది. అక్కడా ఇదే పని, ఇదే గుడ్డ, ఇదే మణికట్టు. రెండోది చర్మ సౌందర్యం లైసెన్సు. అది చేతికొస్తే సొంతంగా ఒక చిన్న గది పెట్టుకోవచ్చు. క్రీములూ మెత్తటి మర్దనా తప్ప రుద్దుడుండదు. ఒళ్ళు రుద్దడానికి లైసెన్సు ఎవరూ అడగరు. ముఖానికి క్రీము రాయాలంటే మాత్రం సర్కారు పరీక్ష పెడుతుంది. యాభై రెండేళ్ళ వయసులో నేనా పరీక్షకి చదవడమేమిటని నాకే నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే వెళ్ళి చేరాను.

శిక్షణ కేంద్రం ఒక నూడిల్స్ అంగడి మీద, రెండో అంతస్తులో ఉంది. మా హ్వాంగ్ టీచరుకి ఇరవై ఏడేళ్ళు. తెల్లకోటు మీద ముడత ఉండదు, గొంతులో విసుగుండదు. రాత పరీక్షకి ఎముకల పేర్లూ, కండరాల పేర్లూ, సూక్ష్మజీవుల పేర్లూ బట్టీ పట్టాను. రెండుసార్లు పోయి మూడోసారి గట్టెక్కాను. అసలు కష్టం చేతిపనిలో వచ్చింది.

"సున్‌బోక్‌గారూ, అది నేల కాదండీ, మొహం" అంది టీచరు మొదటి రోజే.

"మెల్లగానే కదమ్మా రాస్తున్నాను?"

"ఇదా మెల్లగా? మీ చేతి కింద ఆ అమ్మాయి కళ్ళు ఎలా మూతలు పడ్డాయో చూడండి. హాయికి కాదు, భయానికి."

అన్నింట్లోకీ మెడ దగ్గర చర్మం కింద చేరిన నీరు దించే పని నన్ను ఏడిపించింది. చెవి కిందనుంచి భుజం ఎముక దాకా వేళ్ళతో చర్మాన్ని అటు జరిపీ జరపనట్టు జరపాలి. బరువు వెయ్యకూడదు. టీచరు నా ముందు సోయాపాలతో చేసే, జున్నులాంటి మెత్తటి టోఫు గడ్డ ఒకటి పెట్టి, దాని మీద నూనె రాసి, "ఇది చెదరకుండా పది నిమిషాలు చెయ్యండి" అంది. మొదటి గడ్డ రెండు నిమిషాలకే నుజ్జయింది. రెండోది మూడు నిమిషాలకి. ఆ నెలంతా మా ఇంట్లో రోజూ టోఫు పులుసే. మా ఆయన గిన్నెలోకి చూసి, "ఇవాళ ఎన్ని నిమిషాలు?" అని అడిగేవాడు.

పరీక్షకి మోడల్‌ని మనమే తీసుకెళ్ళాలి. అందరూ చెల్లెళ్ళనీ స్నేహితురాళ్ళనీ తెచ్చుకుంటారు. నేను పిల్‌నమ్ అక్కని అడిగాను. అరవై ఏడేళ్ళ మనిషి. గుల్లల షెడ్డులో ఆమె కత్తి ఆడినంత వేగంగా ఇంకెవరి కత్తీ ఆడదు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి బుధవారం నా మంచం ఆమెదే.

"సౌందర్యమా? నీకెందుకే ఆ పాట్లు? నీ మొహం నువ్వెప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?" అంది.

"నా మొహం కాదక్కా, బాగుచేసేది నీ మొహం."

"ఈ మొహాన్ని బాగుచేస్తే లైసెన్సు చాలదు, పతకం ఇవ్వాలి."

"ఒక్కటే షరతు. లోపల నువ్వు మాట్లాడకూడదు."

"ఎంతసేపు?"

"రెండు గంటల పైనే."

అక్క నా వైపు జాలిగా చూసింది. "దానికంటే నా చెవి కోసి పట్టుకుపో" అంది. కానీ వచ్చింది.

ప్రాక్టీసు కోసం వారానికి రెండుసార్లు మా ఇంట్లో నేల మీద పరుపు పరిచి పడుకోబెట్టేదాన్ని. మొదట్లో ఆమె నోరు ఆగేది కాదు. క్రీము వాసన శవాలకి రాసేదానిలా ఉందని ఒకరోజు, నా వేళ్ళు పీతల్లా పాకుతున్నాయని ఒకరోజు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం మెడ పని చేస్తున్నాను. ఆరోజు నా చేతులు ఎందుకో చెప్పినట్టు విన్నాయి. వేళ్ళు వాటంతట అవే తేలికయ్యాయి. అక్క ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. నిద్రపోయిందనుకున్నాను. చూస్తే కంటి చివరనుంచి నీళ్ళు చెవిలోకి జారుతున్నాయి.

"నొప్పిగా ఉందా అక్కా?"

"లేదే."

"మరి?"

"ఏమోనే. నన్నెవరూ ఇంత మెల్లగా ముట్టుకోలేదు" అంది కళ్ళు తెరవకుండా. "ఆపకు, చెయ్యి. పరీక్షకి చదువుకోవాలిగా" అంది.

ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి ఆడవాళ్ళ ఒళ్ళన్నీ నా చేతి కింద నుంచి వెళ్ళాయి. గట్టిగా అన్నారు, గట్టిగా రుద్దాను. ఇంకోలా ముట్టుకోవచ్చని వాళ్ళకీ తోచలేదు, నాకూ తోచలేదు. లైసెన్సు మణికట్టు కోసమనుకుంటూ వచ్చినదాన్ని, ఆరోజు నుంచి అది నిజంగా కావాలనుకున్నాను. అంతగా కోరుకున్నాక భయం కూడా పట్టుకుంది.

సెప్టెంబరులో చాంగ్‌వన్‌లో పరీక్ష. పొద్దున్నే బస్సెక్కాం. పెద్ద హాలు, వరసగా మంచాలు, మంచానికొక మోడల్, పక్కన తెల్లకోటులో ఒక అభ్యర్థి. పేర్లు లేవు, గుండె మీద అంకె ఉన్న చీటీ మాత్రమే. నాది పద్నాలుగు. పదిహేనులో కళ్ళకింద నీడలున్న ఒక అమ్మాయి. ఇంట్లో పసిపిల్ల ఉందని, అది నిద్రపోయాక చదువుకున్నానని బయట వరండాలో చెప్పింది. తన అత్తగారిని మోడల్‌గా తెచ్చుకుంది.

ముఖం శుభ్రం చెయ్యడం బాగా అయింది. కనుబొమలు సరిచెయ్యడం బాగా అయింది. మర్దన బాగా అయింది. పరీక్షకురాలు నా మంచం దగ్గర ఆగి, తలూపి, ముందుకి వెళ్ళింది. తరవాత ముఖానికి ప్యాక్ పూశాను. నుదురు, బుగ్గలు, గడ్డం, మెడ, అంతా ఒకే మందంలో గోడకి సున్నం వేసినంత సాఫీగా వచ్చింది. అంత చక్కగా నేను ఎప్పుడూ పూయలేదు. చేతులు తుడుచుకున్నాను. పని పూర్తయింది. అలవాటుగా అరచెయ్యి ముడిచి, తువ్వాలు కప్పిన తొడ మీద తట్టాను.

టప్ టప్.

పిల్‌నమ్ అక్క చటుక్కున పక్కకి తిరిగింది. ప్యాకంతా దిండుకి అంటుకుంది. అంతటితో పోతే బాగుండేది. నేను తడితే ఆ చప్పుడు ఆవిరిలో కూడా తొట్టి అవతలికి వినపడుతుంది, ఆ నిశ్శబ్దపు హాల్లో వినపడదా? పదిహేనో మంచం మీద అత్తగారు కునికిపాట్లు పడుతోంది. ఆవిడా తిరిగింది. పదమూడో మంచం మీద ఇంకో పెద్దావిడ సగం తిరిగి, కళ్ళు తెరిచి, తనెక్కడున్నదీ గుర్తొచ్చి ఆగిపోయింది. ముగ్గురూ ఈ సముద్రం ఒడ్డున పుట్టి స్నానాల ఇళ్ళలో పెరిగిన ఆడవాళ్ళే.

పదిహేను అమ్మాయి బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్తగారి బుగ్గ మీద ప్యాకు లేదు, దిండు మీద ఉంది. ఆ పిల్ల అత్తగారిని వెల్లకిలా తిప్పింది. ఏడవకుండా మళ్ళీ పూయడం మొదలెట్టింది. గంట కొట్టేసరికి సగమే అయింది.

ఇద్దరం తప్పాం.

తిరుగు బస్సులో పిల్‌నమ్ అక్క చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమెకిది నవ్వు తెప్పించే విషయమేనని నాకు తెలుసు. నా మొహం చూసి బిగబట్టుకుంది.

"తిట్టక్కా" అన్నాను.

"తిరిగింది నేను. నువ్వు నన్ను తిట్టాలి."

"తట్టింది నేను."

"తడితే తిరక్కుండా ఉండటానికి నేనేమైనా రాయినా?" అంది. తరవాత నవ్వు ఆగక, శాలువా నోట్లో కుక్కుకుంది.

నాకు నవ్వు రాలేదు. నేను పోగొట్టుకున్నది నాదే అయితే నాలుగు బూతులు తిట్టుకుని మర్చిపోయేదాన్ని. పసిపిల్లని పడుకోబెట్టి చదువుకున్న పిల్ల పరీక్షని కూడా ముంచాను. ఈ చేతులు ఆ పనికి పుట్టలేదని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు బుసాన్‌కి ఫోన్ చేసి, మంచం ఎవరికీ ఇవ్వొద్దని స్నేహితురాలితో చెప్పాను. హ్వాంగ్ టీచరు దగ్గరికి వెళ్ళి నా తువ్వాళ్ళూ గిన్నెలూ సంచిలో వేసుకున్నాను.

"ఎక్కడికి?" అంది టీచరు.

"నాకు తగిన చోటికి."

"మీ చేతికి బరువు తెలుసు, వేడి తెలుసు, ఎక్కడ బిగుసుకుందో తెలుసు. ఇక్కడున్న పిల్లలకి ఆ మూడూ నేర్పడానికి నాకు నాలుగేళ్ళు పడుతుంది. మీకు మానాల్సింది ఒక్కటే, ఆ రెండు దెబ్బలు. ఒక్క అలవాటు మానలేక వెళ్ళిపోతారా?"

ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల నన్ను మందలించింది. కోపమొచ్చింది. ఆ కోపంతోనే సంచి మళ్ళీ విప్పాను.

అలవాటు మానడం మాటలు కాదు. స్నానాల ఇంట్లో రోజుకి పది మందిని రుద్దాలి, పది మందినీ తట్టాలి. అక్కడ తట్టి ఇక్కడ తట్టకుండా ఉండటం కుదరదని తేలిపోయింది. అందుకని అక్కడా మానేశాను. ఆడవాళ్ళు గోల చేశారు. ఇటు తిరగండి, అటు తిరగండి అని నోటితో చెబుతుంటే, "ఏమైందే పిన్నికి? మర్యాదలు నేర్చుకుంటోంది" అని తొట్టిలోంచి ఎగతాళి చేశారు. ఒకావిడైతే తట్టకపోతే లేవనని మంచం మీదే భీష్మించుకుంది. నేను పని అవగానే చెయ్యి ముడుచుకోకుండా, వేళ్ళు చాపి, తువ్వాలు మీద ఆనించేదాన్ని. ఆనించి, ఆరోజు హాల్లో తిరిగిన ముగ్గురిని మనసులో లెక్కపెట్టినంతసేపు అలాగే ఉంచేదాన్ని. రెండు నెలలు అలా చేశాను.

డిసెంబరులో రెండో పరీక్ష. ఇళ్ళల్లో గుల్లలు వేసి కిమ్చీ పచ్చడి పెట్టే రోజులు, గుల్లల షెడ్డుకి ఊపిరాడని రోజులు. అక్కకి ఆ ఒక్కరోజు పని మానడమంటే మామూలు విషయం కాదు. ఆ సంగతి నేను ఎత్తితే, "నోర్ముయ్, బస్సొస్తోంది" అంది.

వరండాలో ఆ పదిహేను అమ్మాయి కనిపించింది. దగ్గరికెళ్ళి తల వంచి, "పోయినసారి నా వల్ల..." అన్నాను.

"పర్లేదు పిన్నీ. ఈసారి మా అత్తగారిని తేలేదు" అంది. పక్కనున్న మనిషిని చూపించింది. "సియోల్ నుంచి మా మేనత్త కూతురు. పుట్టి బుద్ధెరిగాక స్నానాల ఇంటి మొహం చూడలేదట. మీరు డప్పు కొట్టినా తిరగదు."

పిల్‌నమ్ అక్క ఆ అమ్మాయిని పైనుంచి కిందకి చూసి, "పాపం" అంది. మనసులోంచే అంది.

ఈసారి నా అంకె ఆరు. ప్యాకు పూశాను. అయిపోయింది. చెయ్యి పైకి లేచింది. ఆగింది. అక్క తొడ తువ్వాలు కింద కొంచెం బిగుసుకోవడం చూశాను. ఆ ఒళ్ళు దెబ్బ కోసం ఎదురుచూస్తోంది. వేళ్ళు చాపి, ఆమె భుజం మీద, టోఫు మీద పెట్టినట్టు పెట్టాను. ముగ్గురిని లెక్కపెట్టాను. ఒళ్ళు వదులైంది. ప్యాకు తుడిచాక చేతులు, కాళ్ళు, ఆఖరున మెడ. మెడ దగ్గర అక్క నిజంగానే నిద్రపోయింది. చిన్నగా గురక కూడా పెట్టింది. పరీక్షకురాలు ఆగి, గురక విని, నా వేళ్ళ వైపు చూసి, ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

జనవరిలో ఫలితం వచ్చింది. లైసెన్సు కార్డు మీద నా ఫొటో, కింద నా పేరు. బొటనవేలితో ఆ పేరుని రెండుమూడుసార్లు తడిమాను. బుసాన్‌కి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పాను. మందుల షాపు మీద ఒక చిన్న గది చూసుకున్నాను. గుల్లలు తీసే ఆడవాళ్ళు ముఖానికి క్రీము రాయించుకోవడానికి మెట్లెక్కి వస్తారా అని నా స్నేహితురాలు అడిగింది. నాకేం తెలుసు? వస్తే చేస్తాను. రాకపోతే కిందకి దిగి పిలుస్తాను.

ఫిబ్రవరి ఆఖరి బుధవారం స్నానాల ఇల్లు మూశారు. ఆరోజు సాయంత్రం తొట్టి నిండా ఆడవాళ్ళే. ఆఖరున మంచమెక్కింది పిల్‌నమ్ అక్క. నేను గరుకు గుడ్డ తొడుక్కోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవాళ అది వద్దే. ఆ పరీక్ష చెయ్యి కావాలి."

గుడ్డ పక్కన పెట్టాను. నీళ్ళు కారే ఆ రేకు కప్పు కింద, అంత గోలలో, ఆమె మెడ దగ్గర కూర్చుని నేను నేర్చుకున్నదంతా చేశాను. తొట్టిలో మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. అందరూ చూస్తున్నారని తెలుసు. తలెత్తలేదు. అయిపోయాక వేళ్ళు చాపి భుజం మీద ఆనించాను.

"అయిందక్కా."

అక్క కదల్లేదు.

"అయింది, లే."

"తట్టవేం?"

"మానేశాను కదా."

"నీ గదికొచ్చినప్పుడు మాను. ఇది ఇక్కడ ఆఖరుసారి. తట్టకపోతే ఎలా తెలుస్తుందే నాకు?" అంది.

నా అరచెయ్యి దానంతట అదే ముడుచుకుంది. రెండు నెలలు కష్టపడి మానిపించినదాన్ని వదిలేశాను. టైల్స్ గోడలన్నీ మోగేలా, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

టప్ టప్.

తొట్టిలో కూర్చున్న నలుగురు ఉలిక్కిపడి పక్కకి తిరిగారు. ఒకరి మొహాలొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. పిల్‌నమ్ అక్క పక్కకి కాదు, ఏకంగా బోర్లా తిరిగింది. మొహం మంచం మీది చాపలో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందేమో అనుకున్నాను, కాదు. నాకూ కళ్ళు మసకేశాయి. పక్కన పెట్టిన గుడ్డ అందుకుని చేతికి తొడుక్కున్నాను.

"గట్టిగానా?" అని అడిగాను.

"గట్టిగానే" అంది చాపలోంచి. "సున్‌బోక్."

పంతొమ్మిదేళ్ళలో ఆమె నోట నా పేరు వినడం అదే మొదలు. మణికట్టు నొప్పి పెట్టేదాకా ఆమె వీపు రుద్దాను.